సమాజశాస్త్ర పితామహుడు కామ్టేనా, డర్క్‌హైమా, ఇబ్న్ ఖల్దూనా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. సివిల్స్‌కి సోషియాలజీ ఆప్షనల్ తీసుకున్నారు. ఒక గైడులో సమాజశాస్త్ర పితామహుడు ఆగస్ట్ కామ్టే అని ఉంది, ఇంకో పుస్తకం ఇబ్న్ ఖల్దూన్ అంటోంది, కోచింగ్ సారేమో అసలు పునాది వేసింది డర్క్‌హైమ్ అంటున్నారు. మన అర్థశాస్త్రం, మనుస్మృతి ఎప్పటినుంచో ఉండగా ఈ శాస్త్రం 19వ శతాబ్దపు ఐరోపాలోనే పుట్టిందని ఎందుకంటారు అన్నది మీ రెండో సందేహం.

ఆబ్జెక్టివ్ ప్రశ్న వస్తే ఆలోచించకుండా కామ్టే అని పెట్టేయండి. కీలో అదే ఉంటుంది. వ్యాసం రాయాల్సి వస్తే మాత్రం ఆ ఒక్క పేరుతో సరిపెడితే మార్కులు పడవు, పడకూడదు కూడా. డిగ్రీ పిల్లలకు ఈ సబ్జెక్టు చాలా ఏళ్లుగా చెప్తున్నవాడిగా నా అభిప్రాయం ఇది: పేరు పెట్టినాయన ఒకరు, దాన్ని యూనివర్సిటీలోకి తెచ్చి, జీతమిచ్చే ఉద్యోగంగా, పరీక్ష పెట్టే సబ్జెక్టుగా, నలుగురు కలిసి నడిపే పత్రికగా నిలబెట్టినవాళ్లు వేరు. ఈ రెండింటి మధ్య 50 ఏళ్ల పైచిలుకు దూరం ఉంది. ఆ 50 ఏళ్లలో జరిగిందే అసలు చరిత్ర. గైడ్లు సరిగ్గా దాన్నే ఎగరగొట్టేస్తాయి.

ఇబ్న్ ఖల్దూన్‌తో మొదలుపెడదాం. 1332లో ట్యునిస్‌లో పుట్టారు. ఉత్తర ఆఫ్రికాలోనూ గ్రనడాలోనూ సుల్తానుల కొలువుల్లో పనిచేశారు, కుట్రల్లో ఇరుక్కున్నారు, జైలుకూ వెళ్లొచ్చారు. చివరికి రాజకీయాలకు దూరంగా, ఇప్పటి అల్జీరియాలో ఉన్న ఒక కోటలో కూర్చుని 1377లో ‘ముఖద్దిమా’ రాశారు. ఎడారి తెగల్లో ఉండే గట్టి ఐకమత్యాన్ని ఆయన ‘అసబియ్యా’ అన్నారు. ఆ బలంతోనే తెగలు నగరాలను గెలుస్తాయి. గెలిచాక సుఖాలకు అలవాటుపడతాయి, మూడు నాలుగు తరాల్లో పట్టు సడలుతుంది, అప్పుడు ఇంకో తెగ వచ్చిపడుతుంది. రాజ్యాలు దేవుడి దయవల్లో రాజు గుణగణాలవల్లో కాక, జనం కలిసి బతికే తీరు వల్ల లేస్తాయి, పడిపోతాయి అన్నమాట. తాను కొత్త శాస్త్రం మొదలుపెడుతున్నానని ఆయనే రాసుకున్నారు కూడా.

మరి పితామహుడు ఎందుకు కాలేదంటే, ఆ శాస్త్రాన్ని అందుకుని ముందుకు తీసుకెళ్లిన శిష్యపరంపర లేదు. ఒట్టోమన్ చరిత్రకారులు చదివారు, మెచ్చుకున్నారు, తమ సామ్రాజ్యం పతనమవుతోందా అన్న బెంగతో ఆయన మాటలు తిరగేశారు. ఐరోపాలో పూర్తి ఫ్రెంచి అనువాదం వచ్చింది 1860ల్లో. అప్పటికి కామ్టే పోయి కొన్నేళ్లయింది. కాబట్టి ఆయన్ని ‘పూర్వగామి’ అనండి, నిస్సందేహంగా గొప్ప పూర్వగామి. ‘స్థాపకుడు’ అంటే మాత్రం చారిత్రకంగా నిలవదు.

మన అర్థశాస్త్రం, ధర్మశాస్త్రాల సంగతీ ఇక్కడే తేల్చేస్తాను. వాటిలో శ్రేణుల (వర్తక, వృత్తి సంఘాల) గురించి, పన్నుల గురించి, కుటుంబం గురించి బోలెడంత సమాచారం ఉంది. చరిత్రకారులకు అది గని. కానీ అవి అడిగే ప్రశ్న వేరు. రాజు ఏం చెయ్యాలి, ఏ వర్ణం వాడు ఎలా నడుచుకోవాలి అని చెప్పే గ్రంథాలవి. జనం ఎందుకిలా నడుచుకుంటున్నారు, ఈ కట్టుబాటు ఎక్కడనుంచి వచ్చింది, వేరే చోట ఎందుకు వేరేలా ఉంది అని అడగడం ఇంకో పని. ఆ మాటకొస్తే ప్లేటో, అరిస్టాటిల్ కూడా ఈ కారణంతోనే స్థాపకుల జాబితాలోకి రారు. ఐరోపాలో ఈ రెండో రకం ప్రశ్నను పద్ధతిగా అడిగినవారిలో ఫ్రెంచి ఆలోచనాపరుడు మాంటెస్క్యూ ఒకరు, 1748లో. డర్క్‌హైమ్ తన లాటిన్ థీసిస్‌ను 1892లో ఆయన మీదే రాశారు.

ఇక ఐరోపా ఎందుకు అన్నది. మీ గైడులో ‘ఫ్రెంచి విప్లవం, పారిశ్రామిక విప్లవం’ అని రెండు ముక్కలు ఉంటాయి. తప్పు కాదు, కానీ అలా రాస్తే ఏం అర్థమవుతుంది? కొంచెం దగ్గరగా చూడండి. 1789 తర్వాత రాజు పోయాడు, చర్చి ఆస్తులు పోయాయి. 1791లో లె షపెలియే చట్టం వృత్తిసంఘాలను రద్దు చేసి, ఒకే పనివాళ్లు సంఘం కట్టడాన్నే నేరం చేసింది. అంతవరకు మనిషి ఫలానా ఊరివాడు, ఫలానా చర్చివాడు, ఫలానా వృత్తిసంఘంవాడు. ఇప్పుడతను ఒంటరి పౌరుడు, అతని ఎదుట రాజ్యం, మధ్యలో ఏమీ లేదు. మరి ఈ ఒంటరి మనుషులందరినీ కలిపి ఉంచుతున్నది ఏది? సమాజశాస్త్రానికి మూలప్రశ్న ఇదే. మొదట దాన్ని గట్టిగా అడిగింది విప్లవాన్ని తిట్టిన బొనాల్డ్, ద మేస్త్ర్ లాంటి సంప్రదాయవాదులని మన సిలబస్‌లో తరచూ మర్చిపోతారు. అటు ఇంగ్లండులో మాంచెస్టర్ జనాభా 1801లో సుమారు 75 వేలు, 1851కి 3 లక్షలు దాటింది. అంతమంది కొత్తవాళ్లు ఒకేచోట ఎలా బతుకుతున్నారో ఎంగెల్స్ 1845లోనే ఒక పుస్తకం నిండా రాశారు.

మూడో కారణం ఒకటుంది, గైడ్లలో దాదాపు కనబడదు. నా దృష్టిలో మొదటి రెండింటికన్నా ఇదే ముఖ్యం. అది ప్రభుత్వ లెక్కలు. 19వ శతాబ్దం మొదట్లో ఐరోపా రాజ్యాలు జనాభా, పెళ్లిళ్లు, చావులు, నేరాలు లెక్కకట్టి అచ్చువేయడం మొదలుపెట్టాయి. ఫ్రాన్స్ న్యాయశాఖ 1827 నుంచి ఏటా నేరాల పట్టికలు ప్రచురించింది. బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే వాటిని తిరగేసి నివ్వెరపోయారు. హత్య చేసేవాడు ఎవడికి వాడే చేస్తాడు, కోపంలోనో కసిలోనో. అయినా దేశం మొత్తం మీద హత్యల సంఖ్య ఏటా ఇంచుమించు అంతే ఉంటోంది. ఏ ఆయుధంతో ఎన్ని అన్నది కూడా పెద్దగా మారడం లేదు. నక్షత్రాల లెక్కల్లో చూసిన క్రమం ఆయనకు మనుషుల్లో కనబడింది. 1835లో ఆ విషయం మీద పుస్తకం వేస్తూ దానికి ‘సామాజిక భౌతికశాస్త్రం’ అని ఉపశీర్షిక తగిలించారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ పేరు అప్పటికే కామ్టే వాడుకుంటున్నారు. తన పేరును ఎవరో బెల్జియం లెక్కలాయన ఎత్తుకుపోయాడని కామ్టేకి ఒళ్లుమండింది. ఇక ఆ పేరు వదిలేసి 1839లో అచ్చయిన తన నాలుగో సంపుటంలో ‘సోషియాలజీ’ అన్నారు. ఒక శాస్త్రం పేరు వెనక ఇంత పంతం ఉందంటే నవ్వొస్తుంది గానీ నిజం. ఫ్రెంచి విప్లవకాలపు సియేస్ అచ్చుకాని తన కాగితాల్లో ఆ మాటను అంతకు ముందే రాసుకున్నారని తర్వాత బయటపడింది. అది కామ్టేకి తెలిసే అవకాశం లేదు.

కామ్టే 1798లో మాంట్‌పెలియేలో పుట్టారు. పారిస్ పాలిటెక్నిక్‌లో చదువుతుండగా 1816లో విద్యార్థుల గొడవ వల్ల ప్రభుత్వం కాలేజీనే మూసేసింది. 1817 నుంచి 1824 దాకా సామాజిక ఆలోచనాపరుడు సెయింట్ సైమన్ దగ్గర కార్యదర్శిగా ఉండి, ఈ ఆలోచన ఎవరిది అన్న తగువుతో విడిపోయారు. ఆరు సంపుటాల ‘పాజిటివ్ తత్వశాస్త్ర పాఠాలు’ 1830 నుంచి 1842 వరకు వచ్చాయి. మూడు దశల సూత్రం (మనిషి ఆలోచన మతం, తత్వం, శాస్త్రం అనే మెట్లు ఎక్కుతుందన్నది), శాస్త్రాల నిచ్చెన (గణితం నుంచి సమాజశాస్త్రం దాకా ఒకదానిమీద ఒకటి) మీకు కంఠతా వచ్చే ఉంటాయి, వాటి జోలికి పోను. మీరు గమనించాల్సింది వేరే. ఆయన ఏనాడూ ప్రొఫెసర్ కాలేదు. ప్రవేశపరీక్షల ఎగ్జామినర్‌గా బతికారు, 1844లో అదీ పోయింది. తర్వాత అభిమానులు పోగుచేసి పంపిన డబ్బే ఆధారం. ఇతరుల పుస్తకాలు చదివితే బుర్ర పాడవుతుందని చదవడమే మానేశారు, దానికి ‘మెదడు పారిశుధ్యం’ అని పేరు కూడా పెట్టుకున్నారు. సమాజాన్ని శాస్త్రీయంగా చదవాలని ఇన్ని సంపుటాలు రాసినాయన ఒక్క ఊరినీ, ఒక్క వీధినీ పరిశీలించలేదు, లెక్కలనూ సంభావ్యతనూ సమాజం మీద వాడటాన్ని ఎదిరించారు. చివరికి ‘మానవతా మతం’ పెట్టి దానికి తానే ప్రధాన పూజారి అయ్యారు. బ్రెజిల్ జెండా మీద ఇప్పటికీ ఉన్న ‘క్రమం, ప్రగతి’ నినాదం ఆ మతం పుణ్యమే.

ఇదే కాలంలో ఇంగ్లండులో హ్యారియట్ మార్టినో ఉన్నారు. చెవుడు వల్ల గొట్టం చెవికి పెట్టుకుని వినేవారు, అలాగే అమెరికా అంతా తిరిగి 1837లో ఆ సమాజం గురించి రాశారు. మరుసటి ఏడు, అంటే కామ్టే ఆ పేరు పెట్టకముందే, ఒక సమాజపు ఆచారవ్యవహారాలను ఎలా పరిశీలించాలో చెప్పే పుస్తకం వేశారు. జనం ఏమంటున్నారో మాత్రమే రాసుకోకండి, సమాధుల మీద ఏం రాశారో, జైళ్లు ఎలా ఉన్నాయో, ఏ పాటలు పాడుకుంటారో చూడండి అన్నది ఆమె ధోరణి. 1853లో కామ్టే ఆరు సంపుటాలను రెండుగా కుదించి ఇంగ్లీషులోకి తెచ్చారు. అది ఎంత బాగుందంటే కామ్టేనే తన శిష్యులను ఆ కుదింపు చదవమన్నారు, తర్వాత ఫ్రెంచివాళ్లే దాన్ని తిరిగి తమ భాషలోకి అనువదించుకున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె ‘అనువాదకురాలు’గానే మిగిలిపోయారు. నాకైతే పద్ధతి విషయంలో కామ్టే కన్నా ఆమే సమాజశాస్త్రవేత్త.

ఇంగ్లీషు తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్‌ను పెద్దగా సాగదీయనక్కర్లేదు. ఆ రోజుల్లో ప్రపంచమంతా చదివిన పేరు, ఇప్పుడు పరీక్ష కోసం తప్ప ఎవరూ చదవరు. ఒక్క విశేషం చెప్పుకోవాలి: లండన్‌లో శ్యామ్‌జీ కృష్ణవర్మ 1905లో పెట్టిన స్వాతంత్ర్య పత్రిక పేరు ‘ది ఇండియన్ సోషియాలజిస్ట్’. ఆయన స్పెన్సర్ అభిమాని. వ్యక్తి స్వేచ్ఛ మీద స్పెన్సర్ రాసిన వాక్యాన్ని పత్రిక నెత్తిన వేసుకుని బ్రిటిష్ పాలన మీద విరుచుకుపడేవారు. అంటే బొంబాయిలో డిపార్ట్‌మెంట్ రాకముందే ఈ మాట మన రాజకీయాల్లోకి వచ్చేసింది.

ఇప్పుడు డర్క్‌హైమ్. మీ సారు చెప్పింది ఎందుకు సబబో ఇక్కడ తెలుస్తుంది. 1858లో ఎపినాల్‌లో ఒక యూదు రబ్బీ కొడుకుగా పుట్టారు. 12 ఏళ్ల వయసులో ఉండగా 1870లో ఫ్రాన్స్ ప్రష్యా చేతిలో ఓడింది, మరుసటి ఏడు పారిస్ కమ్యూన్ అనే నగర తిరుగుబాటు నెత్తురుతో ముగిసింది. ఆ శిథిలాల మీద వచ్చిన మూడో రిపబ్లిక్‌కు ఒక పెద్ద చిక్కు ఉంది. పిల్లల చదువును చర్చి చేతుల్లోంచి లాక్కోవాలి. 1881, 82ల్లో జూల్ ఫెర్రీ చట్టాలతో బడి ఉచితం, నిర్బంధం, మతరహితం అయ్యింది. బాగానే ఉంది, మరి దేవుడి పేరు ఎత్తకుండా పిల్లలకు నీతి ఎలా చెప్తావు? దేని ఆధారంతో? సమాజమే నీతికి మూలం, అది మనందరికన్నా పెద్దది, మన బయట ఉండి మనను కట్టడి చేస్తుంది అని చెప్పగల యువకుడు ప్రభుత్వానికి దొరికాడు. ఉన్నత విద్యాశాఖ డైరెక్టర్ లూయీ లియార్ అండతో 1887లో డర్క్‌హైమ్‌ను బోర్డో యూనివర్సిటీలో వేశారు. దేనికో చూడండి: సామాజిక శాస్త్రం, బోధనా పద్ధతులు. టీచర్లకు ట్రైనింగు ఇచ్చే పని. సమాజశాస్త్రం యూనివర్సిటీలో అడుగుపెట్టింది ఇప్పటి మన బీఈడీ లాంటి కోర్సు చాటున. 1902లో పారిస్ వెళ్లినప్పుడు కూడా ఆయన విద్యాశాస్త్రం పేరుమీదే వెళ్లారు. ఆ పీఠం (ప్రొఫెసర్ పదవి) పేరులో ‘సమాజశాస్త్రం’ చేరింది 1913లో, ఆయన చనిపోవడానికి నాలుగేళ్ల ముందు.

ఉద్యోగం ఒక్కటే శాస్త్రాన్ని నిలబెట్టదు. 1895లో పద్ధతి చెప్పారు, 1897లో ‘ఆత్మహత్య’ పుస్తకంతో ఆ పద్ధతిని చేసి చూపించారు. ఆ పుస్తకం వెనక పని తెలిస్తే గౌరవం పెరుగుతుంది. న్యాయశాఖ గణాంక విభాగాధిపతి గాబ్రియెల్ టార్డ్ అచ్చుకాని రికార్డులు చూడనిచ్చారు. వాటిలో సుమారు 26 వేల ఆత్మహత్యల కాగితాలను వయసు, ఆడా మగా, పెళ్లయిందా, పిల్లలున్నారా అని విడివిడిగా చేత్తో వర్గీకరించింది మేనల్లుడు మార్సెల్ మోస్. కంప్యూటర్ కాదుగదా, పంచ్ కార్డు మెషీను కూడా లేదు. తమాషా ఏమిటంటే ఆ టార్డే డర్క్‌హైమ్‌కి ప్రధాన ప్రత్యర్థి. సమాజమంటే ఒకరిని చూసి ఒకరు అనుకరించడమే అన్నది టార్డ్ వాదం. ఆ వాదాన్ని కొట్టిపారేస్తూ ఒక అధ్యాయం ఆ పుస్తకంలోనే ఉంది.

కెట్లే ఎక్కడ ఆగారో డర్క్‌హైమ్ అక్కడనుంచి నడిచారు. ఒక దేశంలో ఆత్మహత్యల రేటు ఏటా దాదాపు స్థిరంగా ఉంటోంది, కానీ పక్కదేశం రేటుతో పోలిస్తే చాలా తేడా. ప్రొటెస్టెంట్ ప్రాంతాల్లో కాథలిక్కుల కన్నా ఎక్కువ. పెళ్లయి పిల్లలున్నవాళ్లలో తక్కువ. యుద్ధాలు, రాజకీయ సంక్షోభాల్లో తగ్గుతోంది. ఆర్థిక మాంద్యంలోనే కాదు, డబ్బు ఒక్కసారిగా పెరిగిన కాలంలోనూ పెరుగుతోంది. పేదరికమే కారణమైతే ఈ చివరిది జరగకూడదు. మనిషి గుంపుతో ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాడు, అతని కోరికలకు హద్దు ఎంత ఉంది అన్న రెండు విషయాలతో ఆయన దీన్నంతా వివరించారు. పోలీసులు రాసే ‘కారణం’ గడిని ఆయన అసలు నమ్మలేదు, అది చచ్చినవాడి మనసు కాదు, రాసిన అధికారి అభిప్రాయం అన్నారు. మన ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) పట్టికల్లో ‘కుటుంబ సమస్యలు’, ‘అనారోగ్యం’ అనే గడులు చూసినప్పుడల్లా ఆ మాట గుర్తు చేసుకోండి. లోపాలూ ఉన్నాయి: కాథలిక్ ప్రాంతాల్లో పరువుకోసం ఆత్మహత్యను ప్రమాదంగా రాయించే అవకాశం ఎక్కువ, అప్పుడు తక్కువ రేటు సమాజం చలవా, గుమాస్తా చలవా? 1967లో జాక్ డగ్లస్ అధికారిక లెక్కల మీద ఇలాంటి ప్రశ్నలే గట్టిగా లేవనెత్తారు. సమాధానంలో ఈ విమర్శ తప్పకుండా రాయండి.

1898లో మొదలైన ‘లానే సోషియోలాజిక్’ పత్రిక ఆ చివరి మెట్టు. 1913 దాకా 12 సంపుటాలు. ప్రపంచంలో సమాజం మీద వచ్చిన ప్రతి పుస్తకాన్నీ పంచుకుని చదివి, సమీక్షించి, విభాగాలవారీగా అమర్చారు. ఒక శాస్త్రానికి ఏది లోపల, ఏది బయట అన్న గీత అలా గీసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం ఆ బృందంలో చాలామందిని మింగేసింది. కొడుకు ఆంద్రే 1915లో పోయాడు, ఆ దెబ్బ నుంచి తేరుకోకుండానే 1917లో డర్క్‌హైమ్ కన్నుమూశారు.

ఫ్రాన్స్ ఒక్కటే కాదు. అమెరికాలో షికాగో యూనివర్సిటీ 1892లో ఆల్బియన్ స్మాల్ కింద ప్రత్యేక డిపార్ట్‌మెంట్ తెరిచింది, 1895లో జర్నల్ పెట్టింది. సంస్థల లెక్కన చూస్తే అది ఫ్రాన్స్ కన్నా ముందు. లండన్‌లో సమాజశాస్త్ర పీఠం 1907లో వచ్చింది. జర్మనీలో టోనీస్, సిమ్మెల్, వెబర్ కలిసి 1909లో సంఘం పెట్టుకున్నారు గానీ వెబర్ చాలాకాలం ఆర్థికశాస్త్రం ప్రొఫెసరే. మార్క్స్ తనను సోషియాలజిస్టు అనుకోలేదు. ‘మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్’ అనే త్రిమూర్తులు మన సిలబస్‌లో కనబడేంత పాతవాళ్లు కారు. 1937లో అమెరికన్ సమాజశాస్త్రవేత్త టాల్కట్ పార్సన్స్ స్థాపకులను ఎంచినప్పుడు డర్క్‌హైమ్, వెబర్‌లతో పాటు కూర్చోబెట్టింది ఆర్థికవేత్తలైన పరెటో, మార్షల్‌లను. మార్క్స్ ఆ పీట ఎక్కింది తర్వాత.

ఆ జాబితాలో చాలాకాలం లేని ఇంకో పేరు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్. బెర్లిన్‌లో చదివి, 1895లో హార్వర్డ్ డాక్టరేట్ తీసుకున్న మొదటి నల్లజాతి అమెరికన్. ఫిలడెల్ఫియా ఏడో వార్డులో కాపురముండి, ప్రశ్నాపత్రం పట్టుకుని గడపగడపకూ తిరిగి సుమారు 2,500 కుటుంబాలను పలకరించారు. వీధివీధికీ ఇంటింటికీ రంగులతో మ్యాపు గీశారు. 1899లో అచ్చయిన ఆ పుస్తకం, అక్కడి పేదరికానికీ నేరానికీ జాతిగుణం కాదు, పనుల్లోకి రానివ్వకపోవడం, బానిసత్వ చరిత్ర కారణమని చూపించింది. షికాగో సర్వేలు పేరు తెచ్చుకోకముందే జరిగిన పని ఇది. ఆయనను పనిలో పెట్టుకున్న యూనివర్సిటీ పాఠం చెప్పే అవకాశం మాత్రం ఇవ్వలేదు. ఆయన వ్యాసాన్ని 1906లో జర్మన్‌లో తన పత్రికలో వేసింది వెబర్.

మన దేశానికొస్తే, బొంబాయి యూనివర్సిటీలో 1919లో డిపార్ట్‌మెంట్ వచ్చింది. మొదటి అధిపతి పాట్రిక్ గెడ్డెస్, వృక్షశాస్త్రం నుంచి నగర ప్రణాళికలోకి వచ్చిన స్కాట్లాండ్ మనిషి. 1924లో సమాజశాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే చేరాక అది నిజంగా నిలదొక్కుకుంది. లక్నోలో 1921లో రాధాకమల్ ముఖర్జీ దగ్గర ఆర్థికశాస్త్రంతో కలిపి మొదలైంది. కానీ అంతకు ముందే, 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీ సెమినార్‌లో అంబేడ్కర్ కులం మీద చదివిన వ్యాసాన్ని వదిలేయకండి. కులానికి మూలం స్వజాతి వివాహమేననీ, పైవాళ్లు తలుపులు మూసుకుంటే కిందివాళ్లు వాళ్లను చూసి అనుకరించారనీ చెప్తూ ఆయన ఆధారం చేసుకున్న సిద్ధాంతం ఎవరిదో తెలుసా? డర్క్‌హైమ్ చేతిలో ఓడిపోయాడని మన పుస్తకాలు మూలన పడేసిన గాబ్రియెల్ టార్డ్‌ది.

మన తెలుగు నేల మీద ఈ శాస్త్రానికి మొదటి పెద్ద క్షేత్రం కావాలంటే శామీర్‌పేట చూడండి, ఇప్పుడు హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎగ్జిట్ బోర్డు మీద కనబడే ఊరే. 1950ల మొదట్లో ఉస్మానియా నుంచి ఎస్.సి. దూబే బృందం అక్కడ పనిచేసింది, 1955లో ‘ఇండియన్ విలేజ్’గా ఆ పుస్తకం వచ్చింది. పేపర్-2లో గ్రామ అధ్యయనాలు అడిగితే కర్ణాటకలో రాంపుర అనే ఊరి మీద ఎం.ఎన్. శ్రీనివాస్ చేసిన అధ్యయనంతో పాటు ఇది కూడా రాయండి. హైదరాబాద్ పక్క ఊరే కాబట్టి ఒక ఆదివారం వెళ్లి పుస్తకం పట్టుకుని తిరిగి రావచ్చు కూడా.